పోతురాజు నీళ్లు తాగిండు

డప్పు మోగితే భిక్షపతి కాళ్లు నిలబడవు. హైదరాబాద్ పాతబస్తీ ఛత్రినాకల ఆయనది వెల్డింగ్ షాపు. గేటుకు రాడ్డు అతికిస్తున్నా సరే, కండ్లకు నల్లద్దాల మాస్కు ఉన్నా సరే, ఏడనో పెండ్లి బరాత్ డప్పు చెవిల పడితే చాలు, మడిమ దానంతట అదే లేస్తది. ఇది ఆయన నేర్చుకున్నది కాదు. బస్తీకి మొదట వాళ్ల బాపు పోతురాజు. బాపు పోయినంక భిక్షపతి. అమ్మవారికి తమ్ముడన్నట్టు ఒళ్లంత పసుపు, నొసట కుంకుమ, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిల కొరడా. బోనాల నాడు అమ్మవారి నైవేద్యం మోసే ఫలహారం బండి ముంగట ఆయన గాల్లకు లేస్తే మేడల మీద నిలబడ్డ ఆడోళ్లు గూడ ఈలలేస్తరు. లాల్‌దర్వాజ దిక్కుకెల్లి వచ్చినోళ్లు సుత, "ఛత్రినాకల భిక్షపతి ఎగురుడు చూసినంకనే ఇంటికి పోదాం" అనుకునేటోళ్లు.

అసొంటి మనిషికి కడుపుల పుండ్లు లేచినయి. మొదట నెత్తురు విరేచనాలు. తగ్గినట్టే తగ్గి మళ్ల మొదలయ్యేది. మందులు తిన్నడు, తాయెత్తు కట్టుకున్నడు, మనిషి సగమైండు. ఆఖరుకు పెద్ద దవాఖానల డాక్టర్లు, "పెద్దపేగు మొత్తం పాడైంది, తీసెయ్యకుంటే మనిషి దక్కడు" అన్నరు. తీసేసిండ్రు. చిన్నపేగు కొసను కడుపుకు కుడిదిక్కు బయటికి తీసి, దాని మీద ఒక సంచి అతికించిండ్రు. దాన్ని ఇలియోస్టమీ అంటరట. ఇగ భిక్షపతికి దొడ్డికి పోవుడన్నదే లేదు. తిన్నది, తాగింది పల్చగ ఆ సంచిలకే దిగుతది. నిండినప్పుడల్ల పోయి ఒంపుకొని రావాలె.

ప్రాణం మాత్రం దక్కింది. ఒంటికి కండ పట్టింది, మీసం మళ్ల కోరగా లేచింది, షాపు షట్టర్ తెరుచుకున్నది. గని పోతురాజు లేవలేదు. పోతురాజంటే బోసి ఒళ్లు గదా! ఆ సంచి సంగతి పెండ్లాం లీలమ్మకు, బిడ్డ సోనీకి తప్ప బస్తీల ఎవలకూ తెల్వదు. "కడుపు ఆపరేషన్ అయింది, ఎగరొద్దన్నరు" అని చెప్పి తప్పించుకున్నడు. ఆయన జాగల పెదనాయిన కొడుకు సోమయ్య పసుపు పూసుకున్నడు. బోనాల నాడు భిక్షపతి షాపుల కూసొని గ్రైండర్ ఆన్ చేసి పెట్టుకునేటోడు, డప్పు ఇనబడకుంట.

ఈ యేడు, ఇంకా ఆషాఢం రాకముందే, సోమయ్య పరంజా మీదికెల్లి జారి కాలు ఇరగ్గొట్టుకున్నడు. మరునాడే కృష్ణమ్మ షాపు ముంగటికి వచ్చి నిలబడ్డది. బస్తీ అమ్మవారి గుడికి పెద్ద ఆమె. తొలి బోనం ఆమెదే, ఆఖరు మాట గూడ ఆమెదే.

"ఏం భిక్షపతీ, ఒళ్లు మంచిగనే ఉన్నది గద?"

"ఉన్నది కృష్ణమ్మవ్వా."

"అయితే ఈ యేడు నువ్వే ఎగరాలె."

కాదనాలె. నోటి దాక వచ్చింది. గని కాలి బొటనవేలు అప్పటికే చెప్పులల్లనే తాళమేస్తున్నది. "సరే అవ్వా!" అన్నడు. అని, ఆమె గల్లీ మలిగిందాక చూసి, ఇంటికి ఉరికిండు. "లీలా! ఓ లీలా! నేనే ఎగురుతున్న!"

లీలమ్మ చేతిల గంటె కింద పడ్డది. "మరి సంచి?"

"వేపమండలు గుబురుగ కడతం. మండల కింద ఏమున్నదో ఎవడు చూడొచ్చిండు?"

"ఎగురుతుంటె నిండితే?"

దానికి భిక్షపతి కాడ జవాబు తయారుగనే ఉండె. నీళ్లు తాగితేనే గదా సంచి నిండేది! తాగుడు తగ్గిస్తే అయిపాయె. ఆ దినం నుంచే షురూ చేసిండు. పొద్దుగాల ఒక గ్లాసు, అన్నంల ఒక గ్లాసు, అంతే. మృగశిర దాటినా వాన లేదు, రేకుల కింద షాపు కొలిమి లెక్క కాలుతున్నది, వెల్డింగ్ మంట ముంగట చొక్కా తడిసి ఆరి మళ్ల తడుస్తున్నది. దూపైతే నాలుక చప్పరించుకునేటోడు. సంచి నిజంగనే తక్కువ నిండుతున్నట్టు అనిపించింది. మస్తు ఖుషీ అయిండు. మూత్రం చాయ్ రంగుకు వచ్చింది, మంట పెడుతున్నది. ఎండకాలం గదా అనుకున్నడు. ఒళ్లు గుంజుతున్నది, కండ్లు తిరుగుతున్నయి. మస్తు దినాలకు ఎగురుతున్న గదా అనుకున్నడు. మనిషి సంతోషంల ఉంటే అన్నిటికి ఏదో ఒకటి అనుకుంటడు.

ఒకనాడు పొద్దుగూకంగ గుడి ముంగట ప్రాక్టీసు పెట్టిండ్రు. డప్పులోళ్లు వచ్చిండ్రు. బస్తీ బస్తీ బయటికొచ్చింది. అంగీ ఇడువకుంటనే భిక్షపతి గజ్జెలు కట్టిండు. మొదటి దెబ్బకు కాలు లేచింది. రెండో దెబ్బకు ఒళ్లే లేచింది. "వచ్చిండు... అసలు పోతురాజు ఆగయా!" అని ఎవరో అరిచిండ్రు. భిక్షపతికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మూడు చుట్లు తిరిగి కొరడా ఝళిపించి గాల్లకు లేచిండు.

దిగుడు మాత్రం మంచిగ దిగలేదు. ఎడమ నడుముల ఎవడో గునపం దింపినట్టైంది. ఆ నొప్పి పక్కకెల్లి తొడ గజ్జల దాక పాకింది. కింద పడ్డడు. మట్టిల పొర్లిండు. పండ్లు కొరికిండు. గొంతులకెల్లి ఏందో అరుపు వచ్చింది, అది ఆయనకే కొత్తగ ఇనబడ్డది.

జనం ఏమనుకున్నరు? "అమ్మ వచ్చింది! అమ్మ పూనింది!" అనుకున్నరు. ఒకామె ఉరికి వచ్చి బిందెడు పసుపు నీళ్లు నెత్తి మీద గుమ్మరించింది. ఇంకొకామె వేపకొమ్మతో ఇసురుతున్నది. డప్పులోళ్లకు హుషారొచ్చి దెబ్బ పెంచిండ్రు. భిక్షపతి వాంతి చేసుకుంట చెయ్యి ఊపి వద్దంటుంటే, "ఇంకా గట్టిగ కొట్టమంటున్నది తల్లి!" అన్నడొకడు.

లీలమ్మ జనాన్ని చీల్చుకొని వచ్చింది. "అమ్మ రాలేదు, ఏం రాలేదు! డప్పు బందు పెట్టుండ్రి! ఆటో పిలువుండ్రి మీ కాళ్లు మొక్కుత!"

డప్పు ఆగింది. అక్కడనే లైటింగ్ తీగలు కడుతున్న డానియేలు నిచ్చెన మీదికెల్లి దుంకి, తన ఆటో ట్రాలీనే తెచ్చిండు. అందులనే పండుకోబెట్టి, ఇద్దరు ముగ్గురు గట్టిగ పట్టుకొని దవాఖానకు తీసుకపోయిండ్రు.

సూది పడ్డంక నొప్పి దిగింది. చేతికి సెలైన్ ఎక్కుతుంటే భిక్షపతి పైకప్పు చూసుకుంట పండుకున్నడు. స్కాన్ కాగితాలు పట్టుకొని ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు మేధ. వయసు తక్కువే గని మాట సాఫ్‌గ ఉన్నది, అదీ పాతబస్తీ మాటే.

"కిడ్నీల రాళ్లున్నయి. చిన్నది కిందికి దిగుతున్నది, అదే నిన్ను పొర్లించింది. పెద్దది ఎడమ కిడ్నీలనే కూసున్నది. నీళ్లు ఎన్ని తాగుతవు రోజుకు?"

 లీలమ్మ చెప్పింది. "రెండు గ్లాసులు మేడం. సంచి నిండొద్దని."

మేధ కుర్చీ గుంజుకొని కూసున్నది. "అన్నా, ఇటు చూడు. పెద్దపేగు పనేంది? పోయే నీళ్లను, ఉప్పును మళ్ల ఒంట్లకు గుంజుకునుడు. నీకు ఆ గుంజేటోడే లేడు. నువ్వు తాగినా తాగకున్నా ఒంట్ల నీళ్లు, ఉప్పు సంచిలకు పోతనే ఉంటయి. మీదికెల్లి నువ్వు తాగుడు బందు పెట్టినవు. ఇగ మూత్రానికి ఏం మిగిలింది? చిక్కగైంది, పులిసింది. పులిసిన మూత్రంల యూరిక్ యాసిడ్ కరగదు, గడ్డ కట్టి రాయైతది. నీ లెక్క సంచి ఉన్నోళ్లకు రాళ్లు పట్టే భయం మామూలోళ్ల కన్నా మస్తు ఎక్కువ. ఆపరేషన్ అయినప్పుడు చెప్పలేదా?"

"చెప్పిండ్రేమో మేడం. అప్పుడు ప్రాణం మీదికొచ్చి ఉంటి. ఏం ఇన్ననో, ఏం ఇడిసిననో."

"సరే, ఇప్పుడు ఇను. ఉత్త నీళ్లు బిందెలకొద్ది గుమ్మరించుకుంటే లాభం లేదు, అవి సీదా సంచిలకే దిగుతయి. ఓఆర్ఎస్ తాగాలె, ఉప్పు చక్కెర లెక్క ప్రకారం కలిసినది. ఒక్కసారే గటగట కాదు, రోజంత కొంచెం కొంచెం. మూత్రం రంగే నీకు మీటరు. చాయ్ రంగు ఉంటే ఖతర్నాక్, లేత పసుపుంటే ఓకే. బోటీ, కార్జం, మాంసం తగ్గియ్యి. ఈ సిరప్ మూత్రంల పులుపును ఇరుస్తది. పరీక్షల్ల చూస్తే నీది కరిగే జాతి రాయి లెక్కనే ఉన్నది. కరిగితే కోసే పనే లేదు."

భిక్షపతి దబ్బున లేచి కూసున్నడు. సెలైన్ పైపు ఊగింది. "కరుగుతదా? రాయి కరుగుతదా మేడం?"

"కరుగొచ్చు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా మాత్రం అప్పటికప్పుడు ఉరికి రావాలె."

"మరి... బోనాలకు ఎగరొచ్చునా?"

మేధ లీలమ్మ మొకం చూసింది. లీలమ్మ నెత్తి కొట్టుకున్నది. "ఇంత అయినంక గూడ అదే యాది మేడం. మా బస్తీ పోతురాజు ఈయన."

"పోతురాజా?" డాక్టరమ్మ కండ్లు పెద్దగైనయి. చిన్నప్పుడు తను అమ్మమ్మ ఇంటి మేడ మీద నిలబడి చూసేటిదట, పోతురాజు కొరడా తీస్తే లోపలికి ఉరికేటిదట. నవ్వు ఆపుకొని, "మళ్ల స్కాన్ చేసినంక చెప్త. తాగుకుంట ఎగురుతనంటే అప్పుడు మాట్లాడుదం" అన్నది.

ఇగ ఆ ఇంట్ల లొల్లే లొల్లి. సోనీ ఫోన్‌ల అలారాలు పెట్టింది. అది మోగినప్పుడల్ల గ్లాసు చేతికిచ్చుడు. షాపుల వెల్డింగ్ మెషిన్ పక్కన బాటిల్, స్కూటర్ డిక్కీల బాటిల్, దిండు పక్కన బాటిల్. మొదట్ల సంచి ఎక్కువ నిండుతున్నదని భిక్షపతి గులిగిండు. లీలమ్మ అన్నం మెత్తగ వండి, అరటిపండు పెట్టి, చూసి చూసి ఒక దారికి తెచ్చింది. చిన్న రాయి ఒక పొద్దుగాల చురుక్కుమని పడిపోయింది. బాత్రూంలకెల్లే కేకేసిండు భిక్షపతి. పక్కింటోళ్లు పిల్లగాడు పుట్టిండేమో అనుకొని ఉంటరు.

గని ఇంకో ముడి ఉన్నది. పోతురాజుకు ఆ దినం ఒక్కపొద్దు. ఊరేగింపు అయ్యేదాక నోట్లె ఏం పడొద్దు. ఇప్పుడు నీళ్లు తాగాలె, మధ్యల పోయి సంచి ఒంపుకోవాలె. చెప్పకుంట చేసే పని కాదు. చాటుగ చేసుడు ఆయనకు ఇష్టం గూడ లేదు. గుడి కాడ కమిటీ కూసున్న దినం పోయి నిలబడ్డడు. నీళ్లు తాగాలె, మధ్యల ఆగి ఒంపుకోవాలె అని చెప్పిండు. అంగీ ఎత్తి సంచి చూపెట్టిండు.

 లైటింగ్ లెక్క చెప్పవచ్చిన డానియేలు చాయ్ కప్పు కింద పెట్టిండు. వెనుకకెల్లి కమిటీల ఒకాయన మెల్లగ అన్నడు. "అట్ల కాదు భిక్షపతీ... మలం సంచి కట్టుకొని అమ్మవారి ముంగటికి ఎట్ల?"

భిక్షపతి అంగీ దించుకున్నడు. అదే అయితదని ఆయనకు ముందే తెలుసు. తిరిగిపోబోయిండు.

"ఆగు," అన్నది కృష్ణమ్మ. ఆ కమిటీ మనిషి దిక్కు మలిగింది. "నీ కడుపుల ఏమున్నది రా? మల్లెపూలున్నయా? అందరి కడుపుల ఉన్నదే వాని కడుపుల ఉన్నది. మనది లోపట, వానిది బయట. అమ్మకు లోపట కనబడదా, బయటిదే కనబడతదా?"

ఎవడో కిసుక్కుమన్నడు. ఆ మనిషి గూడ తల గోక్కున్నడు.

"ఒక్కపొద్దంటరా," కృష్ణమ్మ ఇంకా ఆగలేదు. "అమ్మకు మనం సాక నీళ్లు పోస్తం, సల్లగుండు తల్లీ అని. తమ్ముడు గొంతెండి సావాల్నని ఏ అమ్మ అడిగింది? తాగుకుంట ఎగురు బిడ్డా. నేను చెప్తున్న."

డానియేలు లేచిండు. "ఊరేగింపు మా ఇంటి ముంగటికెల్లే పోతది గదన్నా. తలుపు తెరిచి పెడత. బాత్రూం నీదే. మా ఆండాలత్త ఇల్లు గూడ మూల మీదనే ఉన్నది, ఆమెకు గూడ చెప్పి పెడత."

భిక్షపతి కండ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే అందరికి తెలుస్తదని.

రెండో స్కాన్ నాడు మేధ స్క్రీన్ తిప్పి చూపెట్టింది. మొన్న రాయి ఉన్న కాడ ఇప్పుడు మసక లెక్క కొంచెం ఇసుక, అంతే. "సిరప్ బందు పెట్టొద్దు, తాగుడు బందు పెట్టొద్దు. ఎగురు పో!" అన్నది. భిక్షపతి దవాఖాన వరండాలనే ఒక దరువు ఏసిండు. వీల్‌చెయిర్ తోసుకపోయే ఆయా ఆగి సప్పట్లు కొట్టింది.

ఆషాఢంల ఆఖరి ఆదివారం, బోనాల దినం వచ్చింది. పొద్దుగాలనే లీలమ్మ కొత్త సంచి అతికించింది. ముందు కడిగి, మంచిగ తుడిచి, తడి ఆరినంకనే. చుట్టూర నూనె గాని పసుపు గాని తగలనియ్యలేదు. తగిలితే జిగురు పట్టదు. దాని మీద మెత్తటి ఎర్రగుడ్డ నడుం చుట్టు కట్టింది, కొమ్మ గుచ్చుకోకుంట. ఆ గుడ్డ మీద వేపమండలు. ఇగ మిగిలిన ఒళ్లంత పసుపే పసుపు. ఆఖరుకు నొసట కుంకుమ పెట్టింది. "పైలం, చూసుకొని ఎగురు," అన్నది. "పైలమే," అన్నడాయన. సోనీ గ్లాసు నోటికి అందించింది.

గల్లీలకు అడుగు పెట్టిండో లేదో, డప్పులు ఒక్కసారే లేచినయి. అబ్బ, ఆ మోత! తీన్మార్ దెబ్బకు షట్టర్లు అదిరినయి. మేడల మీద జనం, గోడల మీద జనం, కరెంటు స్తంభం పట్టుకొని ఏలాడే జనం. వెనుక పూలతో తళతళమనుకుంట ఫలహారం బండి. ముంగట భిక్షపతి. కొరడా తిప్పిండంటే గాలి కోసుకపోయింది. ఎగిరిండంటే గజ్జెలు ఒక క్షణం మోగుడు మర్చిపోయినయి, దిగినంకనే ఘల్లుమన్నయి. "ఓ... భిక్షపతన్నా!" అని కేక. ఇన్నేండ్లు గ్రైండర్ మోత కింద తొక్కిపెట్టిన సంతోషమంత కాళ్లల్లకు దిగింది.

కొంత దూరం ఎగురుడు, ఆగుడు, సోనీ బాటిల్ అందిచ్చుడు. పోతురాజు నీళ్లు తాగుతుంటే కొందరు మొకాలు మొకాలు చూసుకున్నరు. కృష్ణమ్మ బోనం నెత్తి మీద పెట్టుకొని పక్కనే నడుస్తున్నది గదా, ఎవరి నోరూ లేవలేదు. డానియేలు ఇల్లు వచ్చేసరికి సంచి బరువైంది. భిక్షపతి చెయ్యెత్తిండు. డప్పులోళ్లకు ముందే తెలుసు, నిలబడి దరువు సాగదీసిండ్రు. పసుపు పూసుకున్న పోతురాజు, కొరడా చంకల పెట్టుకొని, సక్కగ డానియేలు ఇంట్లకు ఉరికిండు. డానియేలు తల్లి గడప కాడ దస్తీ పట్టుకొని నిలబడి ఉన్నది. జనం ఇంకా ఏందా అనుకుంటుండంగనే బయటికొచ్చిండు. రావుడు నడుచుకుంట రాలేదు, గడప మీదికెల్లి ఒక్క దుంకు! డప్పులు భగ్గుమన్నయి.

గుడి మలుపు కాడ వాన మొదలైంది. సన్నగ కాదు, ధారగ. పసుపు కారి రోడ్డంత పచ్చగైంది. ఎవ్వరూ ఇంట్లకు పోలేదు. వేపమండలు తడిసి బరువైనయి, ఎగురుతుంటే ఒక్కొక్కటే జారినయి. ఎర్రగుడ్డ ముడి గూడ ఇడిపోయింది. భిక్షపతి చూసుకునేసరికి గుడ్డ కాళ్ల కాడున్నది. కుడిదిక్కు సంచి, తెల్లగ, అందరి కండ్ల ముంగట.

కాలు ఆగింది. ముంగట వరుసల ఎవడో ఫోన్ ఎత్తి తీస్తున్నడు. ఇంకోడు పక్కోని చెవిల ఏందో అన్నడు. లీలమ్మ గుడ్డ కోసం వంగింది.

భిక్షపతి సంచి మీద ఒక అరచెయ్యి పెట్టిండు. పట్టు మంచిగనే ఉన్నది, ఊడలేదు. అంతే. ఇంకేం కావాలె? లీలమ్మ దిక్కు చూసి వద్దన్నట్టు తల ఊపిండు. డప్పుల పెద్దమనిషి దిక్కు మలిగి కొరడా పైకి లేపిండు. "కొట్టు భాయ్!"

ఆయన కొట్టిండు. భిక్షపతి ఎగిరిండు. మొదట సోనీ ఈల వేసింది, ఆమె వెనుక గల్లీ మొత్తం. కమిటీల అడ్డం మాట్లాడినాయన జనం మధ్యల నిలబడి, తడిసి ముద్దై, అందరికన్నా గట్టిగ అరుస్తున్నడు. గుడి మెట్ల దాక ఆ దెబ్బ ఆగలేదు, ఆ కాలు ఆగలేదు.

ఆ వీడియో ఎక్కడెక్కడ తిరిగిందో తెల్వదు గని, పండుగ అయిన కొన్ని దినాలకు షాపు ముంగట ఒక స్కూటర్ ఆగింది. ఇస్త్రీ చొక్కా, మెడల ఆఫీసు కార్డు. ముకుంద్ అట, కంచన్‌బాగ్‌ల సర్కారు ల్యాబుల గుమాస్తా. చానాసేపు గేట్ల డిజైన్లు చూసిండు. కొనెటట్టు లేడు. ఆఖరుకు అటు ఇటు చూసి, "ఆ పోతురాజు... మీరేనా అన్నా?" అన్నడు.

"నేనే. ఏం గావాలె?"

ముకుంద్ చొక్కా మీద కుడిదిక్కు చెయ్యి పెట్టుకున్నడు. చొక్కా కింద సంచి అంచు కనబడ్డది. భిక్షపతి మెషిన్ బందు పెట్టి స్టూల్ జరిపిండు, బాటిల్ అందించిండు. "ముందుగాల ఇది తాగు. ఆఫీసుల తాగవు గదా?"

"తాగితే మాటిమాటికి లేవాలె గదన్నా. మీటింగులుంటయి."

"మూత్రం ఏ రంగుల వస్తున్నది?"

ఆ మాటకు ముకుంద్ మొకం ఎర్రగైంది, ఆ మీద నవ్వొచ్చింది, ఆ నవ్వుల ఎన్ని దినాల బరువు జారిందో. ఇద్దరూ పొద్దుగూకే దాక ముచ్చట పెట్టిండ్రు. పెద్దపేగు చేసే పని భిక్షపతి చేతులు తిప్పుకుంట చెప్పిండు, మేధ మేడం దగ్గరికి పొమ్మని దవాఖాన దారి చెప్పిండు. బాటిల్ ఖాళీ అయింది, ఇంకోటి తెరిచిండ్రు. పోయేముందు ముకుంద్ అడగాలా వద్దా అన్నట్టు నిలబడి, అడిగిండు.

"అన్నా, అంతగనం ఎగిరితే... నిజంగ ఊడిపోదా?"

"ఊడుతదా? చూస్తవా?" భిక్షపతి రెంచి తీసి ఇనుప రేకు మీద తీన్మార్ దరువు కొట్టిండు, అది ముకుంద్ చేతిల పెట్టిండు. "గిట్లనే కొట్టు, ఆపకు!"

ముకుంద్ బెదురు బెదురుగ కొట్టిండు, తర్వాత గట్టిగ కొట్టిండు. పక్క కిరాణం ఆయన తొంగి చూసి, "షురూ అయిండు!" అని నవ్వుకుంట వచ్చి నిలబడ్డడు. ఇనుప గేట్ల మధ్యల, నూనె మరకల బనీన్ మీద, భిక్షపతి గాల్లకు లేచిండు.